వారానికి నాలుగు రోజులు

మా వదిన దేముడమ్మకి వారానికి నాలుగే రోజులు. మిగతా మూడూ మా ఇంటి మగవాళ్ళు పట్టుకుపోయారు.

మా అయ్య పేరు సోంబరు, సోమవారం పుట్టాడు గనక. ఆయన అన్న, మా పెదయ్య, మంగ్లు. మంగళవారం. మా అన్న బుధు. మా కొండల్లో పుట్టిన వారమే పేరు, వేరే వెతుకులాట ఉండదు. మా ఇంటి కోడలు మామ పేరు, పెదమామ పేరు, మొగుడి పేరు నోటితో అనకూడదు. అంటే ఆ పెద్దవాళ్ళ ఆయుస్సు తరిగిపోతుంది. పేరు అనకూడదన్నాక ఆ పేరుతో నడిచే వారం మాత్రం ఎలా అంటుంది?

"ఆదివారం దాటితే నేరుగా లచ్చివారంలో పడతాను మరిదీ" అనేది వదిన. "నడిమి మూడు రోజులూ మీ ఇంట నాను బతికున్నట్టా, లేనట్టా?"

నేను సుక్రుని. శుక్రవారం. మరిదిని కాబట్టి నా పేరుకి అడ్డు లేదు. ఆ అడ్డు లేకపోవడాన్ని వదిన వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు. నేను విజయనగరం కాలేజీలో ఇంటర్మీడియట్ ముగించుకుని కొండెక్కి వచ్చిన మొదటి నెలంతా, ఊరందరి ముందూ నా పేరు పెట్టి పిలిచి మరీ ఆడుకుంది.

"సుక్రూ! నీ ఇంగిలీసులో ఆ గేదికి సెప్పు, కొట్టంలోకి రమ్మని. మా తెలుగు దానికి ఎక్కడం లేదు."

మా అయ్య ముఠాదారు, చుట్టుపక్కల గూడేలకి పెద్ద. ముఠాదారు ఇంటి కోడలికి ఇంత నోరేమిటని అమ్మ సణిగేది. అయ్య మాత్రం చుట్ట వెనక నవ్వు దాచుకునేవాడు.

గూడెం వైపు పితూరి చల్లారిన రెండో ఏడు అది. చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళం వేటకి వెళ్ళాం. పితూరినాడు సర్కారు లాక్కున్న తుపాకులన్నీ ఇంకా ఠాణాలోనే ఉన్నాయి, విల్లంబులే దిక్కు. అడవంతా తిరిగి ఉత్త చేతుల్తో వచ్చాం. ఉత్త చేతుల్తో వచ్చిన మగవాళ్ళకి ఊరి మొదట్లో ఏం జరగాలో అది జరగడానికి ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, పేడనీళ్ళ కుండలతో నిలబడి ఉన్నారు. ముందు వదిన.

ఏటేటా మొదటి తిట్టు వదినదే. దానికోసం చుట్టుపక్కల గూడేల వాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. ఆ రోజూ అందరూ ఆవిడ నోటికేసి చూశారు.

వదిన నోరు తెరిచింది. మూసింది.

"ఏదీ... అదేది? మీరు తెత్తామన్నది... బురదలో పొర్లేది... అదేదిరా?"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అడవిపంది అని నేరుగా అనకుండా పొడుపుకథలా తిట్టిందనుకున్నారు. "బురదలో పొర్లేది ఏదిరా?" అని అందరూ పాటెత్తుకున్నారు. "ఈళ్ళే పొర్లీసి వచ్చినట్టున్నారే!" అంది ఒకావిడ. కుండలు మా నెత్తిన పడ్డాయి. పేడనీళ్ళు కళ్ళలోంచి తుడుచుకుంటూ నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఇంట్లో కూడా వదిన అలాగే మాట్లాడసాగింది. రోకలిని 'దంచేది' అనేది. చేటని 'సెరిగేది' అనేది. ఎప్పుడూ మూడు వారాలనీ ముగ్గురు మనుషులనీ చుట్టూ తిప్పి చెప్పే మనిషి కాబట్టి మాకెవరికీ అది వింతగా తోచలేదు. పైగా అమ్మకి సంతోషం.

"ఇన్నాళ్ళకి కోడలికి బుద్ధొచ్చింది" అంది పొయ్యి దగ్గర. "పెద్దోళ్ళ పేర్లే కాదు, సేట పేరు కూడా ఎత్తకుండా ఎంత నెమ్మదిగా మాటాడతందో సూడు."

తర్వాత జ్వరం వచ్చింది. మన్యంలో జ్వరం వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. దవాఖానా కాంపౌండరు క్వినైన్ ఇచ్చాడు. వదిన తల పట్టుకుని మూలన పడుకునేది, తిన్నది కక్కేది. చిన్నప్పట్నుంచీ కారే ఎడమ చెవి ఆ వారంలోనే ఎండిపోయింది. అది మంచి గుర్తనుకుని అమ్మ కొండదేవతకి కోడిపెట్టని మొక్కింది.

ఒక మధ్యాహ్నం వదినకి కాస్త తెరిపిచ్చింది. లేచి అరుగు మీద కూర్చుంది. నేను అంబలి తెచ్చి ఇచ్చాను.

"మరిదీ, ఆ... అది ఇయ్యి. తాగేది."

"డిప్ప కావాలా?"

"అదే."

"డిప్ప అని ఎందుకనవు వదినా? మా తాతల్లో డిప్పదొర అని ఎవరైనా ఉన్నాడేటి?"

నవ్విద్దామని అన్నాను. వదిన నవ్వలేదు. ఆనపబుర్ర డిప్పని చేతిలో తిప్పి తిప్పి చూసింది. నేను పక్కనున్న చేట ఎత్తి చూపించాను. "సెరిగేది" అంది. చీపురు చూపించాను. "ఊడ్సేది." దువ్వెన చూపించాను. నెత్తి మీద చెయ్యి పెట్టి దువ్వుకున్నట్టు ఆడించింది గాని, ఈసారి ఆ మాట కూడా రాలేదు.

"సరే. నా పేరేటి వదినా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నన్ను గుర్తుపట్టకపోవడం కాదు, గుర్తుపట్టి వెతుక్కుంటోంది.

"నువ్వు... మా సిన్నోడివి" అంది. కళ్ళనిండా నీళ్ళు నిండాయి. "సిన్నోడివి కదా? నాకు తెలుసు. నాకు తెలుసు నువ్వెవరో."

నేను డిప్ప కింద పెట్టి అయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన వాకిట్లో బాణాల ములుకులు సరిచూసుకుంటున్నాడు. చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే విన్నాడు.

"నీ పేరు రాలేదా?"

"రాలేదు."

"నిన్ను తిట్టనేదా?"

"తిట్టలేదయ్యా."

ములుకు పక్కన పెట్టేశాడు. "డోలీ కట్టమను. పట్నం ఎల్దాం."

అమ్మ అడ్డుకుంది. నక్షత్రాలు చూసే దిసారి చేత ముహూర్తం పెట్టిద్దామంది. కోడలి మీదికి అమ్మవారు వచ్చిందేమో, మనం మన్నించమని అడగకుండా కొండ దింపితే ఏమవుతుందో అంది. అయ్య దిసారిని పిలిపించాడు. ముసలి దిసారి వదిన చెయ్యి పట్టుకుని కొంచెంసేపు కూర్చుని, "అమ్మోరు వస్తే మాట ఎక్కువవుతాది గాని తగ్గదు దొరా" అని లేచిపోయాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను. అమ్మ తన కొత్త కోక తెచ్చి వదిన తల కింద మడతపెట్టింది.

ఘాటు దిగుతున్నంతసేపూ డోలీ కర్ర ముందు కొస అన్న భుజం మీదే. ఎవరెంత చెప్పినా భుజం మార్చుకున్నాడు గాని మనిషి మారలేదు. బుధు మాటలు తక్కువ మనిషి. శృంగవరపుకోటలో బస్సెక్కించేటప్పుడు మాత్రం నా చెవిలో అడిగాడు, "నా పేరు ఎప్పుడూ అనదు కదా తమ్ముడూ. అది మర్సిపోయిందో లేదో నాకెలగ తెలుత్తాది?"

నాకు అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో సర్వేశ్వరరావు గారని సర్జను. బక్కగా పొడుగ్గా ఉండే మనిషి, మాటకి మాటకి మధ్య ముక్కుపొడి. వదిన మణికట్టు పట్టుకుని గోడ గడియారంకేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

"ఒళ్ళు కాలిపోతోంది. ఇంత జ్వరంలో నాడి పరిగెత్తాలి. ఇది తీరిగ్గా నడుస్తోంది" అన్నాడు. "మలేరియా కాదిది."

గది చీకటి చేయించి, దీపం పెట్టి, చిన్న అద్దంలాంటి పరికరంతో ఆవిడ కళ్ళలోకి చూశాడు. చెవిలోకి చూశాడు. రెండు చేతుల్తోనూ తన వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాడు, కుడి చేతి పట్టు తక్కువగా ఉంది. తర్వాత జేబులోంచి ఒక్కొక్కటే తీశాడు. తాళంచెవి. "తీసేది." కలం. "రాసేది." ముక్కుపొడి డబ్బీ తీస్తే ముక్కు చీది చూపించింది. ఆయన నవ్వలేదు, ఎంతో మర్యాదగా తల ఊపాడు.

"మాట్లాడుతుంది, అర్థం చేసుకుంటుంది, పేర్లు మాత్రం లేవు. ఎప్పట్నుంచి ఇలా?"

అన్న నావైపు చూశాడు. ఎప్పట్నుంచో చెప్పడం అంత తేలిక కాదని డాక్టరు గారికి చెప్పాల్సి వచ్చింది. మా ఇంటి ఆచారం చెప్పాను. ఏ పేర్లు మొదట్నుంచీ అనదో, ఏవి ఈ చైత్రంలో కొత్తగా పోయాయో విడదీసి చెప్పాను. బురదలో పొర్లేది దగ్గర్నుంచి నా పేరు దాకా. ఆయన ముక్కుపొడి పీల్చడం మర్చిపోయి విన్నాడు.

"చెవి కారడం ఆగింది ఎప్పుడు?"

"జ్వరం వచ్చిన వారంలోనేనండి."

"ఆగలేదు బాబూ, దారి మార్చింది. బయటికి రావలసిన చీము లోపలికి వెళ్ళింది." తన ఎడమ చెవికి పైన వేలు పెట్టి చూపించాడు. "పేర్లు ఉండే చోటు ఇదే. అక్కడ చీముగడ్డ కట్టిందని నా అనుమానం."

అయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అనుమానమా బావూ?"

"మెదడులో పెరిగే మామూలు కంతి కూడా ఇలాగే ఉంటుంది పెద్దాయనా. అదే తలనొప్పి, అదే వాంతి, అదే మాట పోవడం. కంతి అయితే నేను చెయ్యగలిగింది లేదు. చీమయితే గొట్టం వేసి తియ్యచ్చు. చెవీ జ్వరమూ చీమంటున్నాయి. తెరిస్తేగాని తెలీదు."

"తెరిస్తే బతుకుతాదా?"

"తెరవకపోతే బతకదు. తెరిస్తే... ఏమో. ఇలాంటివి నేను చూసినవే తక్కువ. బతికినవి ఇంకా తక్కువ."

ఒక డాక్టరు తనకి తెలియదని మా అయ్యకి చెప్పడం అదే మొదటిసారి. అందుకే నమ్మాడనుకుంటాను. "మీ సేతిలో ఎట్టినాం" అన్నాడు.

వదిన జుట్టంతా తీసేశారు. తలుపు మూసుకుంది. మేం ముగ్గురం బయట వరండాలో గోడకి ఆనుకుని కూచున్నాం. సముద్రం హోరు వినిపిస్తోంది. అన్న ఆ శబ్దం ఏమిటని అడిగాడు. చెప్పాను.

సర్వేశ్వరరావు గారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. మొహం చెమటతో తడిసిపోయి ఉంది. "చీమే!" అన్నాడు, మా ఇంట కొడుకు పుట్టాడని చెప్తున్నంత సంబరంగా. "చీమే బాబూ, చీమే!" చీముకి అంత సంతోషించిన మనుషుల్ని ఆ ఆసుపత్రి మమ్మల్నే చూసి ఉంటుంది. అన్న ఆయన కాళ్ళ మీద పడబోతే, "రక్తం అంటుకుంటుందయ్యా, లే" అని వెనక్కి జరిగాడు.

మొదట తిరిగొచ్చిన మాట ఉప్పు. గొట్టం తలలోనే ఉంది, కళ్ళు సగమే తెరిచింది. నర్సు గంజి తాగించబోతే మొహం చిట్లించి, స్పష్టంగా, "ఉప్పు" అంది. అన్న వార్డులోంచి పరిగెత్తిన పరుగు నేను ఏ వేటలోనూ చూడలేదు. పక్క మంచం మీద భీమిలి బెస్తావిడ ఒకత్తి ఉండేది. "ఓలమ్మ, ఉప్పంటే ఇంత పండగేటర్రా! మా ఊరు రండి, సముద్రమంతా అదే" అంది.

తర్వాత చెంబు వచ్చింది, దువ్వెన వచ్చింది. దువ్వెన అన్న తర్వాత బోడి తల తడుముకుని, "ఇప్పుడొచ్చి ఏటి లాభం?" అంది. ఆ రోజే, "ఏటి సుక్రూ, అలగ సూత్తన్నావు, పనేటీ నేదా?" అంది. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు సముద్రంకేసి నిలబడాల్సి వచ్చింది.

రోజూ పొద్దున్నే సర్వేశ్వరరావు గారు వచ్చి పేర్లడిగేవాడు. ఒక పొద్దున్న వస్తువుల మీంచి మనుషుల మీదికి వెళ్ళాడు.

"ఈ పెద్దాయన ఎవరమ్మా?"

"మా మావ."

"పేరు?"

వదిన దుప్పటి అంచు గడ్డం దాకా లాక్కుంది.

"మీ ఆయన పేరు?"

దుప్పటి కళ్ళ దాకా లాక్కుంది.

"పోనీ, ఇవాళ ఏ వారం?"

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఆదివారం మర్నాడు" అంది మెల్లిగా.

డాక్టరు గారి మొహం పాలిపోయింది. నన్ను బయటికి రమ్మన్నాడు.

"మళ్ళీ మొదలైంది. రాత్రి ఒళ్ళు కాస్త వెచ్చబడిందని నర్సు చెప్పింది. లోపల ఇంకో సంచి ఉండి ఉంటుంది. రేపు మళ్ళీ తెరవాలి."

"అది జబ్బు కాదండి. ఆ పేర్లు అనకూడదు ఆవిడ. మీకు చెప్పాను కదా. ఇవాళ సోమవారం."

"గుర్తుంది. అదే నా బాధ." ఆయన గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "దువ్వెనని ఏమంది ఆ రోజు? చుట్టూ తిప్పింది. ఇవాళ సోమవారాన్ని ఏమంది? చుట్టూ తిప్పింది. మీ ఆచారమూ ఈ జబ్బూ ఒకే భాష మాట్లాడుతున్నాయి. నేను ఎవరి మాట నమ్మను?"

"నా పేరు అంటోంది కదండీ."

"ఈ జబ్బులో కొన్ని వస్తాయి, కొన్ని రావు. వచ్చినవి చూసి మోసపోకూడదు. రెండోసారి కత్తికి తట్టుకుంటుందని నేను చెప్పలేను. లోపల చీముండగా ఊరుకుంటే అసలే దక్కదు. కావాలని మానేసిందా, రాక మానేసిందా? నాకు అదొక్కటి తెలియాలి."

అయ్య మా వెనకే నిలబడి ఉన్నాడని నేను చూడలేదు. నేరుగా లోపలికి వెళ్ళాడు. మేం వెంట వెళ్ళాం.

మామ మంచం దగ్గరికి వస్తే కోడలు లేచి నిలబడాలి. వదిన లేవబోయింది. అయ్య చెయ్యి అడ్డం పెట్టి, నేల మీద గొంతుక్కూచున్నాడు. ఆయన తల ఆవిడ దిండు కంటే కిందుగా ఉంది.

"అమ్మా, డాట్రు బావుకి నా పేరు కావాలట."

"సుక్రుని సెప్పమను మావా."

"సుక్రు బుర్రకి జబ్బు లేదు. నీ నోటంటే ఇనాలట."

"నాననను." గోడవైపు తిరిగింది. "సంపినా అనను. నీకు తగుల్తాది."

"అనకపోతే రేపు మళ్ళీ నీ తల తెరుత్తారు."

"తెరవనీ."

"నాను సూడలేనమ్మా. నా ఆయుస్సు నాది. ఎంతుందో, అందులో ఎంత తరుగుతాదో నాను సూసుకుంటాను. నీకెందుకా లెక్క? సెప్పు. నన్ను పిలు."

బెస్తావిడ మంచం మీంచి లేచి కూచుంది. సర్వేశ్వరరావు గారు డబ్బీ చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. వదిన కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదాలు కదిలాయి. వినపడలేదు.

"కొండ మీద ఉన్నానే అమ్మా. అంత మెల్లిగా పిలిత్తే ఎలగ?"

"సోంబరూ!"

"ఓ...య్!" అన్నాడు అయ్య.

మా కొండల్లో ఈ గట్టు మీంచి పిలిస్తే ఆ గట్టు మీది మనిషి పలికే పలుకు అది. వార్డు అదిరిపోయింది. నర్సు ట్రే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"మీ ఆయన?" అన్నాడు డాక్టరు గారు వెంటనే.

"బుధు."

వరండాలో ఉన్న అన్న కిటికీలోంచి తల పెట్టి, "ఏటి? ఎవులు పిలిసినారు?" అన్నాడు.

"ఇవాళ ఏ వారం?"

"సోంబారం." మరి ఎవరూ అడగకుండానే, బళ్ళో పిల్లలా, "సోంబారం, మంగళారం, బుదారం" అని వరసగా మూడూ అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీదు. పెళ్ళై వచ్చిన నాటినుంచీ నోట్లో అట్టేపెట్టుకున్నవన్నీ ఒక్కసారే.

డాక్టరు గారు పక్కనున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. "కత్తి అక్కర్లేదు" అన్నాడు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది కూడా.

మేం కొండెక్కేటప్పటికి తొలకరి పడింది. వదిన ఘాటులో సగం దూరం నడిచింది, డోలీ ఉత్తదే వెనక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం కొంచెం బరువుగానే ఉండిపోయింది. నెత్తి మీద వేలెడు జుట్టు మొలిచింది. ఆ ఏడు మా పోడులో చోళ్ళు బాగా పండాయి. సామలు పోయాయి. పట్నం వైపు ఎవరు దిగినా అయ్య సర్వేశ్వరరావు గారికి తేనె పంపేవాడు. ఆయన ప్రతిసారీ ఖాళీ సీసా కడిగించి వెనక్కి పంపేవాడు, దానితో మేం మళ్ళీ పంపాల్సి వచ్చేది. మా అయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మా ఇంటికి కోడళ్ళు ఇంకా వచ్చారు, పేర్ల మీది కట్టు మాత్రం ఆ వానల్తోనే సడలిపోయింది.

మేం తిరిగొచ్చిన రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. అమ్మ పొయ్యి ముందు కూచుని, చూరు నీళ్ళ చప్పుడులో, ఆసుపత్రి కథంతా విన్నది. అయ్య చెప్పాడు, బెస్తావిడ మాటలతో సహా.

"పేరెట్టి పిలిసిందా నిన్ను?" అంది అమ్మ.

"పిలిసింది. పలికినాను. ఏటీ అవనేదు, సూడు." అయ్య చుట్ట వెలిగించుకుని, గొంతు కొంచెం తగ్గించాడు. "ఇన్నేళ్ళయింది. నువ్వూ ఒక్కపాలి పిలవరాదా?"

అమ్మ కర్ర ఒకటి పొయ్యిలోకి తోసి, ఆయన వైపు తిరక్కుండానే అంది.

"నాకేటి జబ్బని?"